మందిరం వెనక గోడ

ఆకాశాన్ని పరచినవానికి స్తోత్రం. అరిగిపోయిన నా మోకాళ్లను ఇంకా చేవెళ్ల బజారు దాకా నడిపిస్తున్నవానికి, మనుషులు మరిచినవాళ్లను మరవనివానికి మహిమ కలుగును గాక. ఈ కాగితాల్లో నిజం ఏదైనా ఉంటే అది ఆయనది, తప్పు ఉంటే నాది. నేను రాయబోయేది చాలావరకు నా తప్పు గురించే.

ఊళ్లు తిప్పి చరిత్ర చెప్పే పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కొందరు మొన్న మా ఇంటికి వచ్చారు. "మేడం, టిప్స్ చెప్పండి" అన్నారు. నీళ్ల సీసా మరవొద్దన్నాను. వెనక్కి నడుస్తూ మాట్లాడొద్దన్నాను. మొదటి ఏడాది నేను అలాగే మాట్లాడుతూ పోయి మార్కెట్లో టమాట డబ్బాల మీద కూలబడ్డాను. ఆ చీర మరక ఇప్పటికీ పోలేదని చెబితే నవ్వుకుంటూ వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లాక నాకు సిగ్గేసింది. చెప్పాల్సింది చెప్పకుండా చీర మరక గురించి చెప్పి పంపాను. అసలు సంగతి ఇది.

నేను బడిలో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆ తర్వాత మొయినాబాద్ వైపు ఉన్న ఒక రిసార్టు వాళ్లు పిలిచారు. పట్నం నుంచి వచ్చే గెస్టులు, జన్వాడ, కనకమామిడి ఫామ్‌హౌసుల్లో దిగేవాళ్లు ఈతకొలను చూసి చూసి విసుగెత్తుతున్నారట. వాళ్లకు చేవెళ్లలో కాలినడకన పాత సంగతులు చూపించాలి. ఆదివారం రానని ముందే చెప్పాను. సరే, శనివారం అన్నారు. పదకొండేళ్లు చేశాను ఆ పని. బస్టాండు నుంచి మొదలుపెట్టి పాత తహసీలు కచేరి, గఢీ గోడ మిగిలిన ముక్క, దర్గా సందు, కూరగాయల మార్కెట్, చివరికి మా వాడలోని ప్రార్థన మందిరం. రెండున్నర గంటల నడక.

ఈ పనిలో ఒక కిటుకు ఉంది. మనం ఎంత బాగా చెప్పినా కంట్లో ఎండ పడుతున్నవాడు వినడు. అందుకని ప్రతి చోటా గెస్టులను నీడలో నిలబెట్టి నేను మాట్లాడతాను. మా మందిరం వాకిలి పడమటి వైపు. మేము అక్కడికి చేరేసరికి పదిన్నర అవుతుంది. ముందు వైపు చల్లటి నీడ, వెనక వైపు మాడ్చే ఎండ. పదకొండేళ్లలో ఒక్కరిని కూడా నేను వెనక్కి తీసుకుపోలేదు. నేనూ పోలేదు. నా తప్పంతా ఈ నీడలోనే పెరిగింది.

వాకిలి పక్కన ఒక నల్లరాతి పలక ఉంది. ఫలానా దొర ఈ మందిరాన్ని దేవుని మహిమ కొరకు నిర్మించెను అని దాని మీద చెక్కి ఉంది. నేను ఆ పలక ముందు నిలబడి చెప్పేదాన్ని. సముద్రాలు దాటి వచ్చిన ఒక మిషనరీ దొర, జ్వరంతో ఒళ్లు కాలుతున్నా, ఒక్క వేసవిలో తన చేతులతో రాళ్లెత్తి ఈ గోడలు నిలబెట్టాడు. "తన చేతులతో" అన్న చోట నా గొంతు వణికేది. వణికించేదాన్ని అనడమే నిజం. ఆ కథ నాకు మా ఇంట్లోనే దొరికింది. మా తాత దొర బంగళాలో వంట చేసేవాడు. ఆ వంటింటి పుణ్యమా అని మా నాయన చదివాడు, నేను చదివాను. దొరను పొగిడితే మా తాత ఎత్తు కూడా కాస్త పెరిగేది. గొప్పలు చెప్పుకోవడం పాపమని స్త్రీల కూటంలో ఎన్నిసార్లు బోధించానో దేవునికే తెలుసు. తాత గొప్ప మాత్రం నాకు గొప్పలా కనబడలేదు, చరిత్రలా కనబడింది.

ఒక శనివారం గొంతు వణకాల్సిన చోట వణికించాను. పక్కనుంచి నవ్వు వినబడింది.

మార్కెట్లో ఆకుకూరలు అమ్మే అవ్వ ఆమె. కట్టలు అమ్ముడుపోయాక మందిరం నీడకు వచ్చి కాళ్లు చాపుకుంటుంది. మా సంఘంలోనే, వెనక వరుసలో కింద కూర్చునే మనిషి. ఇన్నేళ్లుగా ఆమె నా కథ వింటోందన్న ఆలోచనే నాకు ఎప్పుడూ రాలేదు.

"ఏందవ్వా, నవ్వుతున్నవ్?" అన్నాను.

"నవ్వక ఏం జెయ్యాలె బిడ్డా? దొర రాళ్లు మోసిండా? ఆయన నెత్తి మీద టోపీ ఉండె. రాయి యాడ నిలుస్తది?"

గెస్టులు పగలబడి నవ్వారు. నాకు ముఖం మాడింది.

"పలక మీద రాసున్నదవ్వా."

"రాసినోళ్లకు చదువొచ్చు. మోసినోళ్లకు రాదు. గంతే గద."

"తెల్వకుంట మాట్లాడకు. మా తాత కండ్లార జూసిండు."

"జూసిండు, ఎందుకు జూడలె? బంగ్ల వరండల నిలవడి జూసిండు. మా అత్త నెత్తి మీద వెట్టుకొని మోసింది."

అప్పుడు నేను చేసిన పని రాయడానికి చేయి రావడం లేదు, అయినా రాస్తాను. గెస్టుల వైపు తిరిగి, పెద్దావిడ, మతి స్థిమితం లేదు అని ఇంగ్లీషులో చెప్పాను. అవ్వకు ఇంగ్లీషు రాదు. గొంతు మాత్రం ఏ భాషలోనైనా తెలుస్తుంది. ఆమె తట్ట చంకన పెట్టుకొని లేచింది.

"పొద్దు నడినెత్తికొచ్చేటప్పుడు ఎనుక గోడ జూడు, టీచరమ్మా. నీడల నిలవడి జెప్తే గింతే కనవడ్తది" అని వెళ్లిపోయింది.

మరునాడు ఆరాధన అయ్యాక అందరూ ఇళ్లకు పోయేదాకా ఆగి వెనక్కి వెళ్లాను. క్రోటన్ చెట్లు గోడకు ఆనుకుని నడుము ఎత్తు పెరిగి ఉన్నాయి. వాటిని పక్కకు వంచి చూశాను. సున్నం తప్ప ఏమీ లేదు. అవ్వకు నిజంగానే మతి లేదని ఒక్క నిమిషం సంతోషపడ్డాను కూడా. ఇంతలో సూర్యుడు ఇంకాస్త పైకి ఎక్కాడు. ఎండ గోడను రాసుకుంటూ నిలువుగా కిందికి జారింది. సున్నం పొరల కింద గుంటలు ఒక్కొక్కటి నీడ పట్టాయి. ఒక రాయి మీద కొడవలి. దాని పక్క రాయి మీద దువ్వెన. ఇంకాస్త కింద బాన. మళ్లీ బాన. చెవి కమ్మ. మళ్లీ బాన.

అవ్వ ఎప్పుడు వచ్చిందో, నా వెనక నిలబడి ఉంది. ఆమే చెప్పింది.

మా సంఘాల్లో ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా దేవుని పేర ఒక పిడికెడు బియ్యం పక్కకు తీసి, ఆదివారం తెచ్చి మందిరంలో పోస్తారు. ఆ ఆచారం మీకు తెలిసే ఉంటుంది. ఆ కాలంలో ఎండలు ముదిరి కూలి దొరక్కపోతే మా వాడలో పొయ్యిలు వెలిగేవి కావు. బియ్యం లేని వారం ఏం తేవాలి? వట్టి చేతులతో దేవుని ముందుకు పోవడం వాళ్లకు ఇష్టం లేదు. గుట్ట నుంచి ఒక్కొక్కరు ఒక్కొక్క రాయి నెత్తిన పెట్టుకొని వచ్చారు. గుట్ట కింద రాళ్లు కొట్టే మనిషి ఎవరి రాయి మీద వాళ్ల ఇంటి గుర్తు చెక్కి ఇచ్చేవాడు. చదువు రాని ఆడవాళ్ల సంతకాలు అవి. అలా పోగైన రాళ్లతో దొర గోడ కట్టించాడు. కట్టించినందుకు ఆయనకు నా వందనాలు. మోసింది మాత్రం ఆయన కాదు.

ఇంకో మూల ఒకే రాయి మీద రెండు గుర్తులు కనబడ్డాయి. "గీ రెండు గుర్తులెందుకవ్వా ఒక్క రాయి మీద?" అని అడిగాను.

"ఏరువడ్డ తోడికోడండ్లు. ఒకామె నిండు నెలల మీదుండె. ఇద్దరు చెరో దిక్కు వట్టుకొని తెచ్చిర్రు. మరి ఇద్దరిది గాదా?"

కొబ్బరి పీచు, బకెట్టు నీళ్లు తెచ్చి ఆ మధ్యాహ్నమే గోడ కడగడం మొదలుపెట్టాను. అవ్వ గట్టు మీద కూర్చొని, "గట్టిగ రుద్దు. నిన్న ఇంగ్లీషుల జెప్పినవ్ గద, గా జోరుతోని రుద్దు" అంది.

క్షమించమని అడిగాను. "రుద్దు ముందుగాల" అంది.

తర్వాతి శనివారం నుంచి కథ మార్చాను. మా సంఘాల్లో సాక్ష్యం చెప్పేటప్పుడు ముందు మన పాపం ఒప్పుకుంటాం, తర్వాత దేవుడు చేసిన మేలు చెబుతాం. అదే పద్ధతి పెట్టుకున్నాను. పలక ముందు నిలబడి, ఇన్నేళ్లూ ఇక్కడ నేను అబద్ధం చెప్పానని మొదలుపెట్టేదాన్ని. తర్వాత వెనక్కి తీసుకుపోయేదాన్ని.

మూడు వారాలు కాకముందే రిసార్టు మేనేజర్ వచ్చాడు. మంచి అబ్బాయి. ఎండాకాలంలో నా కోసం మజ్జిగ పంపించేవాడు.

"మేడం, లాస్ట్ స్టాప్ స్టోరీ ఛేంజ్ చేసిర్రంట?"

"అవును బాబు. ముందుగాల జెప్పింది తప్పు."

"తప్పో ఒప్పో గని, దొర స్టోరీ మస్తుండె మేడం. సింగిల్ హీరో. ఇప్పుడు గెస్టులు ఎమోషనల్ అయితున్నరు గని హ్యాపీ అయితలేరు. ఆకలి గురించి విని లంచ్‌కి వస్తరా ఎవరన్న?"

"రావాలె. విని తింటె అన్నం విలువ తెలుస్తది."

"మేడం, ప్లీజ్. మీరు చర్చిల జెప్పుకోండ్రి గివన్ని."

చర్చిలో ఏం జరుగుతోందో అతనికి తెలియదు. నేను గోడ కడుగుతున్న సంగతి అప్పటికే మా సంఘ కార్యదర్శి దాకా పోయింది. వరసకు నాకు అన్న అవుతాడు. పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మందిరం జూబ్లీకి నాలుగు గోడలకూ గ్రానైట్ పలకలు వేయించాలని కమిటీ తీర్మానించింది. దాని వెనక ఉన్న చేయి ఆయనదే. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. టీ ఇచ్చాను.

"చెల్లె, ఎనుక గోడ కడుగుతున్నవంట."

"అవునన్న. నీకు జూపించాలె. బాన గుర్తు ఉన్నది..."

"మా నాయనమ్మది. నాకెర్కే."

నేను నా టీ గ్లాసు కింద పెట్టాను.

"నా చిన్నప్పుడు మా నాయన జూపించిండు. జూపించి, ఎవ్వరికి జెప్పకు అన్నడు. ఎందుకో తెల్సా? బియ్యమున్నింటోళ్లు రాయి మోస్తరా చెల్లె? ఒక్క రాయంటె ఒక్క వారం పస్తు. గోడకు అన్నిట్ల కన్న ఎక్కువ ఏం గుర్తులున్నయో జూసినవా?"

చూశాను. బానలే ఎక్కువ.

"గది మా ఇంటి ఆకలి. దాని ముందల నిలవడి కార్లల్ల వచ్చినోళ్లు సెల్ఫీలు దిగాలెనా? మీ తాత బంగ్లల తిన్నడు. నీకేం ఎర్క?"

పిల్లలూ, ఆయన చెప్పిన దాంట్లో సగం న్యాయం. నా నోరు ఊరుకునేది కాదు కాబట్టి ఏదో ఒకటి అనాలి.

"ఎవరి ఇల్లు ఏదో నేను జెప్పనన్న. ప్రమాణంగ జెప్పను. గని గోడను మాత్రం మూయనియ్య."

"గోడ నీ తాతదా?"

"కాదు. గందుకే నీకున్నంత హక్కే నాకున్నది, ఎక్కువ లేదు, తక్కువ లేదు. అన్నా, నువ్వు వాక్యం చదివినోనివి. యెరూషలేము గోడ కట్టినప్పుడు ఎవరు ఏ ముక్క కట్టిర్రో పేర్లు వరుసగ రాయించిండు దేవుడు. ఒకాయన బిడ్డల్ని ఎంటవెట్టుకొని కట్టిండని గూడ ఉన్నది. ఆడపిల్లలు మోసిన రాయిని గుర్తువెట్టుకున్న దేవునికి, మన గోడకు ఒక్క దొర పేరు సాలా?"

"నాకు వాక్యం నేర్పుతున్నవా?"

"నేర్పుతలేను. గుర్తుజేస్తున్న. దేవుని పనికి మెడ వంచని పెద్దమనుషుల సంగతి గూడ అండ్లనే రాసున్నది."

ఆయన లేచాడు. టీ అలాగే ఉంది. చివరి మాట అనకపోతే బాగుండేదని తర్వాత అనిపించింది. అనిపించినా వెనక్కి తీసుకోలేదు. పాస్టరు అయ్యగారు కొత్తగా బదిలీ మీద వచ్చినవారు. ఆయన దగ్గరికి పోతే నా మాటకూ తల ఊపారు, కార్యదర్శి మాటకూ తల ఊపారు.

గ్రానైట్ వచ్చే రోజు శనివారమని తెలిసింది. అదే శనివారం ఒక పెద్ద కంపెనీ వాళ్లు నడకకు వస్తున్నారని మేనేజర్ ఫోన్ చేశాడు. ఒక కాగితం కూడా పంపాడు. దొర కథ ఇంగ్లీషులో నీటుగా టైపు చేసి ఉంది. ఇది చదివితే చాలు మేడం, లేకుంటే ఇదే మన లాస్ట్ వాక్ అన్నాడు. గొంతులో కోపం లేదు. ఆ శనివారానికి ముందు రోజు ఉపవాసముండి ప్రార్థించాను. ఉద్యోగం కాపాడమని అడగలేదు. ఎండ కావాలని అడిగాను. మబ్బు పడితే ఆ గోడ మీద ఏమీ కనబడదు.

శనివారం మబ్బు లేదు. స్తోత్రం.

ఇరవై మంది దాకా వచ్చారు. మేనేజర్ తానే వెంట వచ్చాడు. మామూలు నడక నడిస్తే పదిన్నరకల్లా మందిరం చేరతాం. నాకు కావాల్సింది పదకొండున్నర దాటాక. అందుకని కచేరి తలుపు గడియ గురించి అంత సేపు చెప్పవచ్చని నాకే తెలియనంత సేపు చెప్పాను. గఢీ గోడ దగ్గర, ఇది ఎలా కూలిందో మీరు ఊహించండి అని ఒక్కొక్కరినీ అడిగాను. మార్కెట్లో అందరి చేతా క్యారెట్లు, మా భాషలో గాజర్లు, కొనిపించి, కడిగించి, తినిపించాను. మేనేజర్ గడియారం చూసుకుంటూ నా చెవి దగ్గర, "మేడం, ఇయ్యాల గాజర్ల హిస్టరీయా?" అన్నాడు.

మందిరానికి చేరాం. ముందు వైపు నీడ సన్నని గీతంత మిగిలింది. మేనేజర్ గెస్టులను ఆ గీతలోకి సర్దుతున్నాడు. నేను కాగితం మడిచి సంచిలో పెట్టాను.

"ఇక్కడ కాదు. వెనక్కి పోదాం. ఎండ ఉంటుంది. టోపీలు పెట్టుకోండి" అన్నాను.

వెనక గ్రానైట్ పలకలు ప్రహరీకి చేరవేసి ఉన్నాయి. క్రోటన్లు నరికేశారు. షాబాద్ వైపు నుంచి వచ్చిన మేస్త్రీ, అతని ఇద్దరు మనుషులు సిమెంటు కలుపుతున్నారు. కార్యదర్శి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు.

"మేస్త్రీ, ఒక్క పావుగంట ఆగు" అన్నాను.

"ఆగద్దు" అన్నాడు కార్యదర్శి.

మేస్త్రీ ఇద్దరినీ చూసి, తాపీ సిమెంటులో గుచ్చి, బీడీ వెలిగించుకున్నాడు. అది ఎవరి పక్షమో అర్థం కాలేదు.

నేను చెప్పాను. అబద్ధం చెప్పిన సంగతి, అవ్వను పిచ్చిదాన్ని చేసిన సంగతి, పిడికెడు బియ్యం, బియ్యం లేని వారం, రాయి. నా గొంతు వణికింది, ఈసారి ఆపుదామన్నా ఆగలేదు. ఎండ సరిగ్గా జారింది. గుర్తులు లేచాయి. గెస్టుల్లో ఒకామె బానను చూపించి, "ఇవి ఇన్ని ఉన్నాయేంటి? ఇది ఏ ఫ్యామిలీది?" అని అడిగింది. నేను కుర్చీ వైపు చూడలేదు.

"తెలుసు. చెప్పను. చెప్పాలంటే వాళ్లే చెప్పాలి" అన్నాను.

కుర్చీ కిర్రుమంది. అంతే.

అవ్వ మార్కెట్ నుంచి వచ్చింది. ఆమె వెంట మా వాడ ఆడవాళ్లు వరుసకట్టి వస్తారని నేను ఆశపడ్డాను. ఒక్కతే వచ్చింది. ఇంకో ఇద్దరు సందు మలుపు దాకా వచ్చి, కార్యదర్శిని చూసి మళ్లిపోయారు. అవ్వ కొడవలి గుర్తు మీద అరచేయి పెట్టింది. "గిది మా అత్తది. నాకేం సిగ్గు? ఆమె దొంగతనం జేసిందా? తిననోళ్లు గుడి గట్టిర్రు. తిన్నోళ్లు మూస్తమంటున్నరు" అంది.

అప్పుడు మేస్త్రీ బీడీ పారేసి లేచాడు. దువ్వెన గుర్తు దగ్గర వంగి బొటనవేలితో ఆ గీతలు తడిమాడు. తర్వాత కొడవలి. తర్వాత బాన. చాలా సేపు తడిమాడు.

"అమ్మా, గీ గుర్తులు కొట్టినోడు ఎవరు?" అన్నాడు.

"గుట్ట కింద రాళ్లు కొట్టేటాయన."

"పేరు?"

నాకు తెలియదు. అవ్వ వైపు చూశాను. ఆమెకూ తెలియదు.

"జూడు, దెబ్బలన్ని గీ పక్కకు వడ్డయ్. కుడిచేతోడు కొడితె గిట్ల వడది. ఎడమచేతోడు." అతను తన ఎడమ చేయి ఎత్తి చూపించాడు. సిమెంటు ఆ చేతికే ఉంది. "మా తాత గీ గుట్టలల్లనే కొట్టిండు. ఎడమచెయ్యి. మా నాయన ఎడమచెయ్యి. నేను గూడ. అమ్మా, మోసినోళ్లను జెప్పినవ్. కొట్టినోళ్లను ఒక్క ముక్కల జెప్పి ఇడిషిపెడ్తివి."

నడినెత్తిన ఎండలో, ఇరవై మంది ముందు, ఒప్పుకోలు ముగించిన ఐదు నిమిషాలకే మళ్లీ దొరికిపోయాను. దొర కథలో ఆడవాళ్లను వదిలాను. ఆడవాళ్ల కథలో ఇతన్ని వదిలాను. మా సంఘం మనిషి కాదు కదా, చరిత్రలో ఎందుకని నా లోపల ఎక్కడో అనుకుని ఉంటాను. "తప్పయింది మేస్త్రీ" అన్నాను. రెండోసారి కూడా అందరికీ వినబడేలా, ఇంగ్లీషులోనూ చెప్పాను.

మేస్త్రీ తన మనుషుల వైపు తిరిగాడు. "సామాన్ ఎత్తుండ్రి."

కార్యదర్శి లేచాడు. "ఏంది మేస్త్రీ, మాట ఇచ్చినవ్ గద?"

"గోడకు బండలు ఏస్తనని ఇచ్చిన సారూ. మా తాత చేతి మీద ఏస్తనని ఇయ్యలే."

"మీ తాత చెయ్యని రుజువేంది?"

"రుజువు నాకు అక్కర లేదు. నా చెయ్యికి తెల్సింది, సాలు. మీ దేవుడు మా దేవుడు గాకపోవచ్చు. మిగిలిన మూడు గోడలు ఎవరితోనన్న ఏపిచ్చుకోండ్రి. గీడ మాత్రం నేను ముట్ట, మావోళ్లను ముట్టనియ్య."

వాళ్లు సామాను సర్దుకున్నారు. గెస్టుల్లో ఎవరూ ఫోన్ తీయలేదు. మేనేజర్ నా పక్కకు వచ్చి, మెల్లగా, "మేడం, గిట్ల చేస్తే ఎట్ల?" అన్నాడు. తర్వాత ఇంకా మెల్లగా, "బాగ జెప్పినరు" అన్నాడు. ఆ తర్వాతి శనివారం నుంచి నాకు ఫోన్ రాలేదు. ఇప్పుడు ఒక అమ్మాయి ఆ కాగితం చదువుతోంది. ఆమె మీద నాకు కోపం లేదు. నేను పదకొండేళ్లు కాగితం లేకుండానే అదే చదివాను.

సంఘంలో ఆదివారం వాక్యపాఠం చదివేవాళ్ల పట్టీలోంచి నన్ను తీసేశారు. స్త్రీల కూటంలో నా పక్కన కూర్చునేవాళ్లు తగ్గారు. మూడు గోడలకు గ్రానైట్ మెరుస్తోంది. వెనక గోడ ఎలా ఉండేదో అలాగే ఉంది. ఆ మేస్త్రీ మాట తెలిసి ఈ చుట్టుపక్కల ఇంకెవరూ దాన్ని ఒప్పుకోలేదు. కమిటీ మళ్లీ క్రోటన్లు నాటించింది. నేను ప్రతి శనివారం కత్తెర తీసుకుపోయి వాటిని మోకాలి ఎత్తుకు కత్తిరిస్తాను. నన్ను ఎవరూ పంపలేదు, ఎవరూ ఆపలేరు కూడా. నడినెత్తి పొద్దుకు అక్కడ ఉంటాను. ఎవరొస్తే వాళ్లకు చెబుతాను, మోసినవాళ్లనూ కొట్టినవాళ్లనూ కలిపి. ఎవరూ రాకపోతే గోడకే చెబుతాను.

ఒక శనివారం కార్యదర్శి ఆ దారిన వచ్చాడు. నిలబడ్డాడు. బానల వైపు చూడలేదని ప్రమాణం చేసి చెప్పలేను. "చెట్లను మరీ కిందికి కొయ్యకు, ఎండుతయ్" అని మాత్రం అని వెళ్లిపోయాడు. దాన్ని గెలుపుగా రాసుకోను. వచ్చే నెల కమిటీ మళ్లీ కూర్చుంటోంది. దూరం నుంచి మేస్త్రీలను పిలిపిస్తారట.

మీకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. మీరు ఏ ఊరు చూపించినా, నీడ ఉన్న వైపే నిలబడకండి. ఎవరైనా నవ్వితే ముందు వాళ్లను అడగండి, తర్వాత గెస్టులను చూడండి. ఒకసారి ఒప్పుకున్నాం కదా అని రెండోసారి తప్పించుకోకండి. నిజం చెప్పినందుకు పని పోతే పోనివ్వండి.

ఇప్పుడు మీరున్న చోటే ఒక్క నిమిషం నాతో తల వంచండి. అవ్వ కంటిచూపు తగ్గుతోంది, ఆమె కళ్ల కోసం అడగండి. పేరు తెలియకుండా పోయిన ఆ ఎడమచేతి మనిషి ఇంటివాళ్ల కోసం అడగండి. కార్యదర్శి అన్న కోసం తప్పకుండా అడగండి. ఆయన సిగ్గు అబద్ధం కాదు, దాన్ని ఏ పలకతోనూ మూయలేడు, ప్రభువే తీసివేయాలి. వచ్చే నెల ఆ గోడ మీద ఎవరి చేయీ పడకూడదని అడగండి. నా కోసం కూడా అడగాలనిపిస్తే, మోకాళ్ల కోసం అడగండి. నన్ను ఊరుకోబెట్టమని మాత్రం ఎవరూ అడగవద్దు. ఆ ఒక్క ప్రార్థనకు నేను ఆమేన్ చెప్పను.